అవ్వ మాట కోసం

కరాకోల్ ఊరికి వెళ్లే బస్సులో ఐపెరి కిటికీ అద్దంలో చూసుకుంటూ, నాలుకను అంగిటికి ఆనించి, చప్పుడు లేకుండా అక్షరాలు పలుకుతూ ఉండేది. మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే చదువు ఆమెది. మంచు కొండలు కలలోలా వెనక్కి జారిపోతుంటే, పక్కవాళ్ల నవ్వులు కూడా ఆమెకు వినపడేవి కావు.

శిక్షణ కోసం ఆమె పక్షవాతంతో మూగబోయిన సైకాల్ అవ్వ ఇంటికి వెళ్లేది. ఏమడిగినా కోడలే బదులు చెప్పేది. "అక్కా, నీకు పుణ్యముంటుంది, కాస్త ఆగు. అవ్వనే చెప్పనీ," అంది ఐపెరి ఒకరోజు, టీ ఎలా ఉందని అవ్వను అడిగి. అవ్వ ఒక గుక్క తాగి వదిలేసిన పాల టీ, అక్కడివాళ్లు ఉప్పేసి తాగేది, చల్లారిపోతోంది. అవ్వకు మాట రాదేమోనని భయమేసి, తానే మాట అందిద్దామని ఐపెరి నోరు తెరిచి, మూసుకుంది. అవ్వ పెదవులు మాట కోసం చాలాసేపు తడుముకున్నాయి.

"ఉ... ఉప్పు. టీలో... లేదే!"

"విన్నావా పిల్లా, మళ్లీ నన్ను తిడుతోంది!" అంటూ కోడలు అవ్వను కావలించుకుని భోరున ఏడ్చింది.