తుక్కుకి ఇవ్వని ట్రక్కు

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో నేను ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, మొక్కలు పెంచి అమ్ముకునే ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకుండేదాన్ని. ఆ ఏడు మనవాళ్లు ఎంతమంది వచ్చారంటే, యూనివర్సిటీలో సీటు దొరకడం తేలికైంది గానీ గది దొరకడం కష్టమైపోయింది. ఫోన్‌లో నా యాస వినగానే "గది ఇచ్చేశాం" అన్నవాళ్లే ఎక్కువ. ఈవిడ మాత్రం, "చేతులకి మట్టి అంటితే ఇబ్బందా?" అని ఒక్కటే అడిగింది. కాదన్నాను. ఆ వారమే నా ఆన్‌మెల్డుంగ్‌కి, అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదుకి, కావలసిన కాగితం మీద సంతకం పెట్టింది.

ఆవిడకి డెబ్భై దాటాయి. భర్త పోయి ఆరేళ్లు. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత అమెరికన్ పికప్ ట్రక్కు ఇంకా ఆ ఇంట్లో పనిచేస్తూనే ఉండేది. ముదురాకుపచ్చ రంగు, ఆటోమేటిక్ గేర్లు. శనివారం శనివారం మొక్కల ట్రేలు వేసుకుని ఆవిడ ఊళ్లో సంతకి వెళ్లేది. నేను తోడు వెళ్లి ట్రేలు దించిపెట్టేదాన్ని.

మార్చి చివర ఒక శనివారం, పొలాల మధ్య దారిలో చిన్న మిట్ట ఎక్కుతుండగా ఇంజన్ ఒక్కసారిగా గట్టిగా అరిచింది. బండి మాత్రం కదల్లేదు. ఏ గేరులో పెట్టినా అంతే. ఒక్క రివర్స్ మాత్రం పడుతోంది. ఆవిడ తొణకలేదు. సీటు మీద చెయ్యి వేసి మెడ తిప్పి, కిలోమీటరు పైగా వెనక్కి వెనక్కి నడుపుకుంటూ ఇంటికి చేర్చింది. ఒక్క మొక్క కూడా ఒరగలేదు.

సోమవారం పక్క ఊరి నుంచి వర్క్‌షాప్ ఆయన వచ్చాడు. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి వాసన చూసి, "గేర్‌బాక్స్ కాలిపోయింది. తుక్కు. దీనికి ఇంకో గేర్‌బాక్స్ వెతికి వెయ్యడం దండగ. రెండు వారాల్లో వచ్చి నేనే తీసుకుపోతాను" అన్నాడు.

"అడుగునున్న ఆయిల్ పాన్ విప్పి చూడకుండానే చెప్పేస్తారా?" అని నేను అడిగాను.

ఆయన ఆవిడ వైపు తిరిగి, "ఈ అమ్మాయి కంప్యూటర్లు చదువుతోందా?" అన్నాడు.

"లోహాలు" అన్నాను.

"లోహాల గురించి చదవడం వేరు, మొయ్యడం వేరు" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు కొత్తది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో మా అమ్మది పాత లారీ పార్టుల కొట్టు. బేరింగ్‌లో వేలు పెట్టి ఒకసారి తిప్పితే చాలు, అది ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో అమ్మ చెప్పేసేది. బడి వదిలాక నేను కొట్లోనే స్టూలు మీద కూర్చునేదాన్ని. ఎదురుగా ఉన్న షెడ్డులో గేర్‌బాక్సులు దించడం, ఎక్కించడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దగ్గరికి వెళితే మాత్రం, "గ్రీజు అంటుద్దమ్మా, అటు జరుగు" అనేవారు. ఇంజనీరింగ్‌లో చేరాక కూడా, వర్క్‌షాప్ క్లాసులో అబ్బాయిలు స్పానర్లు పట్టుకుంటే నాకు రికార్డు పుస్తకం ఇచ్చేవారు, చేతిరాత బాగుంటుందని. ఇరవై నాలుగేళ్లు అటు జరుగుతూనే వచ్చాను. ఇక జరగదలచుకోలేదు.

వర్క్‌షాప్ ఆయన వెళ్లాక, "గేర్‌బాక్స్ మనమే మారుద్దాం" అన్నాను ఆవిడతో.

"నీకు ఆ పని వచ్చా?"

"రాదు. ఆటోమేటిక్ విప్పడం నేనెప్పుడూ చూడనైనా చూడలేదు. కానీ అదీ బోల్టులతోనే బిగించి ఉంటుంది కదా."

ఆవిడ తాళాల గుత్తి తీసుకుని ఇంటి వెనక షెడ్డు తెరిచింది. లోపల పలకలు కప్పిన పొడవాటి గొయ్యి ఉంది. దాంట్లో దిగి నిలబడితే బండి మన నెత్తి మీద ఉంటుంది. "మా ఆయన తవ్వాడు" అంది. "బెర్లిన్ గోడ ఉన్న కాలంలో, ఇక్కడ తూర్పు జర్మనీలో కొత్త బండి కావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకని అందరం బాగుచేసుకునేవాళ్లం. తుక్కు అనే మాట మాకు తర్వాత వచ్చింది."

ముందు భాగానికి దెబ్బ తగిలి మూలపడిన అదే మోడల్ ట్రక్కు ఒకటి, రెండు గంటల దూరంలో పాత బండ్ల యార్డులో దొరికింది. దాని గేర్‌బాక్స్ తేవడానికి నా క్లాస్‌మేట్ అద్దె వ్యాన్ నడిపాడు. కరీంనగర్ అబ్బాయి. దారి పొడవునా సణిగాడు.

"గిదేం పనే నీకు? థీసిస్ డెడ్‌లైన్ నెత్తి మీదుంది. ఆయన చెప్పిండు గదా తుక్కుకి పంపుమని."

"పంపను."

"ఇంట్ల తెలిస్తే ఏమంటరు?"

"మా అమ్మకి తెలుసు. ఆయిల్ కారకుండా ఏ సీళ్లు మార్చాలో ఆవిడే చూసి చెప్తానంది."

యార్డులో గేర్‌బాక్స్ ఒక పక్క పట్టుకుని వ్యాన్‌లోకి ఎత్తింది మాత్రం అతనే.

అమ్మ అన్నట్టే చేసింది. వీడియో కాల్‌లో గేర్‌బాక్స్ చూపిస్తే, "ఫోను కాస్త కిందకి పెట్టు. ఆ మూతి దగ్గర సీలు చూశావా, అంచు గట్టిపడిపోయింది. అది మార్చకుండా ఎక్కించావనుకో, మళ్లీ దించుకోవాల్సిందే" అంది.

"నువ్వు ఆటోమేటిక్ ఎప్పుడన్నా చూశావా అమ్మా?"

"సీలు సీలే కదే. లారీదైతే ఏంటి, ఓడదైతే ఏంటి."

ఆ మోడల్ రిపేరు పుస్తకం రెండుసార్లు చదివాక, ఈస్టర్ సెలవుల్లో పని మొదలుపెట్టాం. పాన్ విప్పితే ఆయిల్ నల్లగా, మాడిన వాసనతో కారింది. అడుగున తడిసిన కాఫీ పొడిలాంటి మడ్డి పేరుకుని ఉంది. లోపలి ప్లేట్ల పూత అరిగి రాలిపోయిందన్నమాట. అంతవరకు వర్క్‌షాప్ ఆయన చెప్పింది నిజమే, ఒప్పుకున్నాను. గేర్‌బాక్స్ పోతే ట్రక్కు పోయినట్టేనన్నది మాత్రం ఒప్పుకోలేదు.

నేను గోతిలో, ఆవిడ గట్టు మీద పీట వేసుకుని. విప్పిన ప్రతి బోల్టునీ నేను పైకి అందిస్తే, ఆవిడ నారు పోసే ట్రేలో ఒక్కో గుంటలో వేసి, మొక్కల పేర్లు రాసే తెల్ల చీటీ మీద పెన్సిలుతో రాసి గుచ్చేది: "షాఫ్ట్, వెనక, నాలుగు." "అడ్డకమ్మీ, ఎడమ." గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి పట్టి ఉంచే బోల్టుల్లో పైది తుప్పు పట్టి రెండు రోజులు కదల్లేదు. కళ్లలో తుప్పు రాలింది. కోపంతో ఏడుపొచ్చింది. ఆవిడ చూసి కూడా చూడనట్టు బోల్టులు తుడుస్తూ కూర్చుంది. మూడో రోజు ఒక ఇనుప గొట్టం తెచ్చి ఇచ్చింది. స్పానర్‌కి దాన్ని తొడిగి, గోడకి కాళ్లు తన్ని లాగితే కిర్రుమని వదిలింది.

పాతది దించాం. దూలానికి వేలాడే చైన్ కప్పీతో దాన్ని గోతిలోంచి పైకి లాగి, కొత్తదాన్ని గోతిలోకి దించి, జాకీతో పైకెత్తాం. అది ఇంజన్ దాకా ఎక్కింది గానీ, రెంటికీ మధ్య వేలెడు సందు మిగిలింది. ఎంత నెట్టినా పూడలేదు. సరిగ్గా అప్పుడే వర్క్‌షాప్ ఆయన చెప్పిన ప్రకారం బండి లాక్కెళ్లడానికి వచ్చాడు. గోతిలోకి వంగి చూసి, ముందు ఆశ్చర్యపోయాడు. తర్వాత, "బోల్టులు బిగించు. అదే దగ్గరికి లాక్కుంటుంది" అన్నాడు.

"బిగించను. కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చోలేదు. ఇప్పుడు లాగితే లోపలి ఆయిల్ పంపు పగులుతుంది."

కన్వర్టర్ అంటే గేర్‌బాక్స్ ముందుండే పెద్ద ఇనుప డొల్ల, గుమ్మడికాయంత ఉంటుంది. ఇంజన్ బలాన్ని లోపలికి అందించేది అదే.

"నేను ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను" అన్నాడాయన.

"మీరు చేస్తున్నారు. ఇది నేను చేస్తున్నాను. దించి మళ్లీ చూస్తాను."

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చేతిలో ట్రే కింద పెట్టకుండానే, "ఈ షెడ్డులో ఏం చెయ్యాలో ఆమె చెప్తుంది" అంది.

దించాను. సగం రోజు పని వెనక్కి పోయింది. కన్వర్టర్‌ని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ లోపలికి నొక్కాను. అది మూడు మెట్లుగా లోపలికి దిగాలి. మొదటిసారి రెండే దిగిందని నేను గమనించలేదు. తప్పు నాదే. చాలాసేపు తిప్పాక, లోపల ఎక్కడో 'టక్' మని చిన్న చప్పుడై వేలెడు లోతు జారింది. మళ్లీ ఎక్కించి అరచేత్తో నెడితే చాలు, ఇంజన్‌కి అతుక్కుపోయింది. అంతసేపూ ఆయన గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. తర్వాత ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

పాత మడ్డి కొత్త గేర్‌బాక్స్‌లోకి పోకుండా ఆయిల్ గొట్టాలు కడిగి, ఎర్రటి కొత్త ఆయిల్ పోసి, ఆవిడ్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. గేరు వేసింది. ట్రక్కు చిన్నగా ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, షెడ్డు దాటి ముందుకు వెళ్లింది. ఒక జాయింటు దగ్గర చుక్క చుక్క కారితే మర్నాడు బిగించాను.

ఆ శనివారం సంతకి వెళుతూ, మా దారి అటు కాకపోయినా, ఆవిడ పక్క ఊరి మీదుగా తిప్పింది. వర్క్‌షాప్ ముందుకి రాగానే వేగం తగ్గించి రెండుసార్లు హారన్ కొట్టింది. "పొరపాటున చెయ్యి తగిలింది" అంది. నేను కిటికీ దించి ఆయనకి నమస్కారం పెట్టాను. ఆయన చెయ్యి ఎత్తాడు. నవ్వలేదు.

తర్వాతి ఏడాది మ్యూనిక్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. నా సీవీలో ఆ పని గురించి ఒక వాక్యం రాసుకున్నాను. ఎదురుగా ఉన్నాయన దాని మీద పెన్ను ఆనించి, "ఇది మీ హాబీ అన్నమాట" అన్నాడు.

"కాదండి, పని" అన్నాను.

ఆయన ఆ వాక్యం తీసేస్తే బాగుంటుందని సలహా ఇచ్చాడు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. తర్వాత ఇంకో రెండు చోట్ల కూడా రాలేదు. నాలుగో చోటికి అదే సీవీ పట్టుకెళ్లాను, ఆ వాక్యాన్ని ఈసారి మొదటి పేజీలోకి జరిపి.