పెద్దమ్మ తిరగదోడిన కేసు

మా పెద్దమ్మ పోలీసు డిటెక్టివ్ అంటే ఎవరూ నమ్మేవారు కాదు. టీవీలో హత్యల సినిమా వస్తే సగంలోనే కుర్చీలో గుర్రుపెట్టేది. హంతకుడెవరో తేలకముందే నిద్రపోయే డిటెక్టివ్‌ని ఈవిడనే చూశానని పెదనాన్న ఏడిపించేవాడు.

అలాంటి మనిషి ఉద్యోగం చివర్లో, ఇరవై ఏళ్లుగా మూలపడ్డ కేసు తిరగదోడింది. ఒకే ఏడాదిలో ముగ్గురు ఆడవాళ్లని పట్టపగలు, సొంతింట్లోనే, నైలాన్ తాడు మెడకు బిగించి ఎవరో చంపేశారు. ఏ తలుపూ పగలలేదు. మూడో ఆవిడ భర్త బస్సు డ్రైవరు. అనుమానం అతని మీద పడింది. సాక్ష్యం లేక పోలీసులు వదిలేశారు గానీ లోకం వదల్లేదు. కూతుర్ని అమ్మమ్మ తీసుకెళ్లిపోయింది. ఆ పిల్ల తండ్రి మొహం చూడకుండానే పెరిగింది.

పోయినవాళ్లు ఎలాగూ తిరిగిరారు, హాయిగా రిటైరవ్వక ఎందుకీ తలనొప్పి అన్నాడట పై అధికారి.

"ఉన్నవాళ్లు ఉన్నారు కదండీ" అందట పెద్దమ్మ.

ఆ మూడిళ్లకీ వెళ్లి తీరిగ్గా కూర్చునేది. చావు గురించి కాదు, వాళ్లు బతికిన రోజుల గురించి అడిగేది. దేనికి నవ్వేవాళ్లు, దేనికి విసుక్కునేవాళ్లు అని. రెండో ఆవిడ చెల్లెలు కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. కుట్టుమిషను మొరాయిస్తే అక్క దాన్ని సవతిని తిట్టినట్టు తిట్టేదట. ముగ్గురూ ఇంట్లో బట్టలు కుట్టేవాళ్లేనని పాత పోలీసులకీ తెలుసు. కుట్టించుకునేవాళ్లందర్నీ విచారించారు కూడా. మిషను చెడితే ఎవరొచ్చేవారని మాత్రం అడగలేదు. పెద్దమ్మ అడిగితే మూడిళ్లవాళ్లకీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. భుజాన సంచితో ఇంటింటికీ తిరిగే మెకానిక్, నెమ్మదస్తుడు.

పోలీసులు అప్పట్నుంచీ దాచి ఉంచిన ఆ తాళ్లని కొత్త పద్ధతుల్లో పరీక్షిస్తే, మూడింటి మీదా అతని ఆనవాళ్లే దొరికాయి. ముసలివాడై, అదే ఊళ్లో మనవల్ని ఆడించుకుంటున్నాడు. నేరం ఒప్పుకున్నాడు. ఎందుకు చేశావంటే తెలీదన్నాడట.

మర్నాడు డ్రైవరు కూతురి దగ్గరికెళ్లి సంగతి చెప్పింది. ఆ అమ్మాయి తలొంచుకుంది.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనండీ నాన్న దగ్గరికి?"

"ఏ మొహమైతేనేం తల్లీ. ఆయన చూడాలనుకునేది ఆ మొహాన్నే."

ఇద్దరూ కలిసే వెళ్లారు. తలుపు తీసిన ఆయన పెద్దమ్మ చెప్పేది సగమే విన్నాడు. కళ్లు ఆవిడ వెనక నిలబడ్డ కూతురి మీదే ఉన్నాయి. ఉన్న ఒక్క కుర్చీనీ తువ్వాలుతో తుడిచి, "కూర్చోమ్మా, నిలబడ్డావేం?" అన్నాడు. ఆ అమ్మాయి కూర్చోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. పెద్దమ్మ చప్పుడు కాకుండా బయటికొచ్చేసింది.

ఇప్పుడాయన కూతురి దగ్గరే ఉంటున్నాడు. రిటైరైన పెద్దమ్మకి ఆ మూడిళ్ల నుంచీ ఫోన్లొస్తుంటాయి. కేసు గురించి కాదు, ఊరికే, ఎలా ఉన్నారని.