కొలతలక్క చూపుకి ముడుచుకున్న పెట్టె

కొలతలక్క ఒకసారి అనుమానంగా చూసేసరికి ఇనప పెట్టె ఒకటి భయపడిపోయి ఒక సెంటీమీటరు లోపలికి ముడుచుకుంది. నమ్మనివాళ్లు ఆ వీధిలో ఎవర్నైనా అడగొచ్చు. ప్రతివాడూ కళ్లారా చూశానంటాడు. ఆ రోజు ఆ గదిలో ఉన్నది మాత్రం ముగ్గురే.

ఆమె అసలు పేరు ఆమె సంతకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పని టైలరింగు. ముందుగదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం. దారం రీలు కొంటే లోపల అట్ట లావుగా పెట్టారేమోనని విప్పి చూస్తుంది. ఎవరైనా రెండుసార్లు తలుపు తడితే, ఒకసారి చాలదా, రెండోది ఎందుకు తట్టాడని ఆరా తీస్తుంది. తన గడియారాన్ని పక్కింటి గడియారంతో సరిచూసుకుంటుంది. రెండూ ఒకటే టైము చూపిస్తే, రెండూ కూడబలుక్కున్నాయంటుంది. ఇంత లోకంలో ఆమె నమ్మేది ఒక్కదాన్నే. మెడలో వేలాడే పసుప్పచ్చ టేపు. పని నేర్పిన రోజు వాళ్లమ్మ ఆమె మెడలో వేసింది, మళ్లీ తీయలేదు.

ఆమెతో ఉండేది తమ్ముడొక్కడే. వెనకగదిలో కూర్చుని, ఇంకా పునాదులైనా తియ్యని ఇళ్లని కంప్యూటర్లో కట్టి చూపిస్తాడు. ఆ మధ్య ఒక బిల్డరు వచ్చాడు. ఇంట్లోకి నడుచుకుంటూ వెళ్లి అన్ని గదులూ చూసినట్టు కదిలే బొమ్మ కావాలన్నాడు.

"శనివారానికి చూపిస్తే ఈ ఏడాది నా ఇళ్లన్నీ నీకే. లేదంటే ఇంకో మనిషిని చూసుకుంటా" అనేసి వెళ్లాడు.

తమ్ముడి కంప్యూటరు సంగతి చెప్పాలంటే, బొమ్మలో తలుపు తెరవమంటే అది మూలిగి, ఆవులించి, ఆలోచించుకుని తెరిచేది. తలుపు పూర్తిగా తెరుచుకునేలోపు నిజంగానే ఆ ఇల్లు కట్టేసుకుని కాపురం పెట్టేయొచ్చు. బొమ్మల్ని వేగంగా కదిలించే కొత్త గ్రాఫిక్స్ కార్డు పడితే తప్ప శనివారం గట్టెక్కేలా లేదు.

ఎదురుగా రిపేరు షాపు నడిపే పెద్దాయన్ని వీధంతా స్క్రూ బాబాయ్ అంటారు. ఆయన బుధవారం మధ్యాహ్నం మూరెడు పొడవున్న అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇది పెట్టరా, నీ తలుపులకి రెక్కలొస్తాయి. నీ కంప్యూటరు కేబినెట్లో పడుతుంది. దీనికి 650 వాట్లు చాలు, లోపల కరెంటిచ్చే నీ పవర్ సప్లై మీద 750 అని రాసుంది. ఒక్కటే మాట, సీలు చింపాక వెనక్కి తీసుకోను" అన్నాడు.

ముందుగదిలో మిషను చప్పుడు ఆగింది.

"తీసుకోరా? అంటే పట్టకపోతే కేబినెట్ కూడా మీ దగ్గరే తీసుకోవాలన్నమాట" అంటూ వచ్చింది అక్క.

"పడుతుందని చెప్పాగా అమ్మాయ్."

"కొలిచారా?"

"కంటితో చూశా."

"నేను కంటితో చూసి జాకెట్టు కుట్టి ఇస్తే పిన్నిగారు వేసుకుంటారా?"

"వేసుకోదు. నన్నూ ఇంట్లోకి రానివ్వదు" అని బాబాయ్ ఒప్పేసుకున్నాడు. "సరే, కొలుచుకో. పెట్టె ఇక్కడే ఉంచుతా, సీలు జాగ్రత్త."

అట్టపెట్టె మీద కార్డు పొడవు అచ్చేసి ఉంది, ముప్పయ్యొకటిన్నర సెంటీమీటర్లు. బాబాయ్ అటు గడప దాటాడో లేదో, అక్క కేబినెట్ అనే ఆ ఇనప పెట్టె పక్క రేకు విప్పించింది. కార్డు బిగించే చోటు నుంచి ఎదురుగా ఉన్న ఇనప చట్రం దాకా టేపు పెట్టి లాగింది. సరిగ్గా ముప్పయ్యొకటి. మళ్లీ పెట్టింది. అంతే.

"చూశావా, అర సెంటీమీటరు తక్కువ. కంటితో చూశాడట. ఎవరి కంటితో?"

"అంత పెద్దాయన అబద్ధం ఎందుకాడతాడక్కా?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా" అంది అక్క కళ్లు చికిలించి. "అదిగో, ఆ పవర్ సప్లై మీద చీటీ చూడు, వంకరగా లేదూ? చొక్కా అమ్మేముందు కంపెనీ పేరు తెచ్చి కుట్టినట్టుంది."

"అది పోయినేడు పాత సామాన్ల వీధిలో నేను తెచ్చింది. దానికీ బాబాయ్‌కీ సంబంధమేంటి?"

"సంబంధం లేకపోతే ఆయన దాన్ని ఎందుకు మెచ్చుకున్నాడు?"

గురువారమంతా అక్క ఎదురు షాపు వంక చూడకుండానే చూస్తూ గడిపింది. బాబాయ్ దగ్గితే, ఎందుకు దగ్గాడని. నవ్వితే, ఎవరిని చూసి నవ్వాడని. ఒక పాంటు కాళ్లు రెండూ కలిపి కుట్టేసి విప్పుకుంది కూడా.

శుక్రవారం పొద్దున తమ్ముడు ఇక ఆగలేక హాక్సా బ్లేడు పట్టుకొచ్చాడు.

"అడ్డంగా ఉన్న చట్రం కోసేస్తా. అర సెంటీమీటరేగా. నువ్వు పెట్టె కదలకుండా పట్టుకో."

గుడ్డయితే అక్క ఎప్పుడో కోసేసేది. ఇది ఇనుము. పైగా తమ్ముడి తిండీ తిప్పలూ అందులోనే ఉన్నాయి. అయినా శనివారం గుమ్మంలోకి వచ్చేసింది. పెట్టెని రెండు చేతులా అదిమి పట్టుకుంది. బ్లేడు కిర్రుమన్న చప్పుడు ఎదురు షాపులోకి వినపడింది. స్క్రూ బాబాయ్ చెప్పులు వేసుకోకుండానే వచ్చాడు.

"ఆపరా! ఆ ఇనప పొడి బోర్డు మీద పడిందంటే కార్డు మాట తర్వాత, కంప్యూటరే ఉండదు. ఎవరు కొయ్యమన్నారు?"

"ఎవరు పడుతుందన్నారో వాళ్లే" అంది అక్క.

బాబాయ్ జేబులోంచి స్టీలు స్కేలు తీసి లోపల పెట్టాడు. "ముప్పైరెండు."

అక్క టేపు పెట్టింది. "ముప్పయ్యొకటి."

"ముప్పైరెండమ్మా."

"మీ స్కేలు మీ షాపుదేగా."

"నీ టేపు నీ మెడదేగా."

తమ్ముడు స్కేలు బల్ల మీద పెట్టి, దాని పక్కన టేపు పరిచాడు. రెండు సున్నాలూ కలిపాడు. స్కేలు ముప్పైరెండు చూపిస్తున్న చోట టేపు తీరుబడిగా ముప్పయ్యొకటి అంటోంది.

అక్క టేపుని వేళ్ల మధ్య నలిపి చూసింది. ఇన్నేళ్లుగా లాగి లాగి కొలిచిన గుడ్డ టేపు. అంచులు పల్చబడి ఉన్నాయి. మనిషిని కొలిచేదీ దానితోనే, గుడ్డ కత్తిరించేదీ దానితోనే. రెండు చోట్లా ఒకటే తప్పు కాబట్టి ఏ చొక్కా బిగవలేదు, ఏ పాంటూ జారలేదు. బయట ఎవరో అచ్చేసిన అంకె పక్కన నిలబెట్టేదాకా దాని గుట్టు బయటపడలేదు.

"అయితే నా నడుము ముప్పైనాలుగు అంగుళాలు కాదా?" అన్నాడు బాబాయ్ నెమ్మదిగా.

"ముప్పయ్యైదు" అంది అక్క.

"రెడీమేడ్ పాంట్లన్నీ బిగుతుగా కుడుతున్నారని ఊరంతా తిట్టి వచ్చానే."

"నేనూ తిట్టాను."

ఇంకొకళ్లయితే అక్కడితో తల దించుకుని వెళ్లి మిషను ముందు కూర్చునేవాళ్లు. కానీ టేపే మోసం చేశాక అక్క అనుమానానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. బాబాయ్ సీలు చింపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"పొడవు నా తప్పే. మరి కరెంటు? ఈ కార్డుకి రెండు ప్లగ్గులు కావాలని అట్టపెట్టె మీద ఉంది. మీరు మెచ్చుకున్న పవర్ సప్లైకి ఒక్కటే ఉంది. అంత శక్తి ఉన్నది రెండోది ఎందుకు ఇవ్వలేదు? ఒక చెయ్యే ఉన్న చొక్కా అమ్మితే నేనైతే గుడ్డ చాల్లేదనే అనుకుంటా."

"ఒక ప్లగ్గుని రెండు చేసే అడాప్టరు పెడదామనుకున్నా. 750 అని ఉందిగా" అన్నాడు బాబాయ్, కాస్త నీళ్లు నములుతూ.

"ముప్పయ్యొకటని నా టేపు మీదా ఉంది."

గోటితో వంకర చీటీ అంచు లేపింది. కుట్టు విప్పినట్టు నిదానంగా లాగింది. కింద ఇంకో చీటీ ఉంది, పాతది, నిటారుగా అతికించింది. 450 వాట్లు.

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అంకె మారలేదు.

"ఇది పెట్టి బొమ్మ నడిపిస్తే?" అని తమ్ముడు అడిగాడు.

"మధ్యలో ఆరిపోయేది. అదృష్టం బాగుంటే" అన్నాడు బాబాయ్. షాపుకెళ్లి తను రోజూ వాడుకునే కంప్యూటరులోంచి పవర్ సప్లై ఊడదీసి తెచ్చాడు. అక్క దాని చీటీ కూడా గోకి చూసింది. ఒకటే పొర. అప్పుడు సీలు చింపనిచ్చింది. కార్డు చట్రం దాకా వెళ్లి, గోరు పట్టేంత సందు వదిలి ఆగింది.

శనివారం బిల్డరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మలో తలుపు తెరుచుకుంది, బొమ్మ వంటగదిలోకి నడిచింది, మెట్లెక్కింది, ఎక్కడా మూలగలేదు. మేడ మీది గదిలోకి వెళ్లేసరికి ఆయన చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

"మొదటి ఇల్లు సోమవారం మొదలెట్టు" అన్నాడు లేస్తూ.

ఆ సాయంత్రమే కథ వీధిలో పడింది. పడేసింది బాబాయే. కొలతలక్క కన్నెర్ర చేసింది, కేబినెట్ గజగజ వణికి ముడుచుకుంది, బాబాయ్ స్కేలు చూపించి ధైర్యం చెప్తే గానీ మళ్లీ విచ్చుకోలేదు. వారం తిరిగేసరికి ఒక సెంటీమీటరు జానెడయింది. చొక్కా కొలతకి వచ్చిన ఒకాయన, ఊపిరి బిగబట్టి, నిజమేనా అని అడిగాడు. అక్క మెడలో కొత్త టేపు ఉంది. ఇస్త్రీ బల్ల మీద పక్కనే స్టీలు స్కేలు ఉంది. రెండింటి సున్నాలూ కలిపి చూసుకుని, తల ఎత్తకుండానే చెప్పింది.

"పెట్టె ముడుచుకోలేదు. టేపు సాగింది."