రానివాళ్లకు వయసు పెట్టిన పంతులు

మా బొమ్మల పంతులు పోయారు. సంత నుంచి వచ్చిన పొరుగాయన వాకిట్లో నిలబడి, "పంతులు పోయిండు, బిడ్డ ఊర్లనే మన్ను జేసిండ్రట" అని చెప్పి వెళ్లిపోయాడు. నాకూ అమ్మకూ ఏడుపు రాలేదు. ఏడవడానికీ ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి.

ఆయన మా బడిలో డ్రాయింగు చెప్పేవారు. ఈ ఊరు ఆయనది కాదు. రాళ్లు కొట్టే పని వెతుక్కుంటూ భువనగిరి వైపు నుంచి పాలమూరు దాకా నడిచి వచ్చిన తల్లిదండ్రుల వెనక వచ్చిన పిల్లవాడు. అందుకేనేమో, పెద్దయ్యాక ఆయన వేసిన బొమ్మలన్నీ నడిచేవాళ్లవే. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ముందు గుంపు మేస్త్రీ. తనిఖీకి వచ్చిన సాబ్ ఒకసారి అవి చూసి ముఖం చిట్లించి, పిల్లలకు పూలు నేర్పమన్నాడు.

"పూలు యాడికి పోతయి సాబ్? రేపేసుకోవచ్చు. గీ మనుషులు రేపుంటరా?" అన్నారు పంతులు. ఆ ఏడు ఆయన జీతానికి తరక్కీ రాలేదు.

వలస పోయేవాళ్లను బయలుదేరే ముందు తన అరుగు మీద కూర్చోబెట్టుకొని, గుడ్డ మీద ముఖం వేసి ఇంట్లోవాళ్ల చేతికిచ్చేవారు. ఎర్రమన్ను, దీపపు మసి, సున్నం, కలపడానికి తుమ్మబంక. అవే ఆయన రంగులు. నేను తొట్టెలలో ఉండగా మా బాపు బొంబాయి దిక్కు పోయాడు. తిరిగి రాలేదు, చనిపోయాడన్న కబురూ రాలేదు. నాకు తెలిసిన బాపు ఆ గుడ్డ మీది బాపే.

మా వాడలో ఒక అవ్వ కూడా కొడుకు బొమ్మను రోజూ చూసుకునేది. ఎన్నో ఏళ్లకు ఆ కొడుకు వచ్చాడు, పళ్లూడి, బుగ్గలు పీక్కుపోయి. అవ్వ బొమ్మను చూసింది, అతన్ని చూసింది. "నా కొడుకు గిట్ల లేడు, పో" అని తలుపు వేసుకుంది. ఎవరెంత చెప్పినా వినలేదు. అతను చావడిలో తలదాచుకొని, తెల్లారి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. సంగతి తెలిసి పంతులు బండ్లబాట వెంట పరుగెత్తారు. దొరకలేదు.

"నా బొమ్మే వాన్ని ఎల్లగొట్టింది" అన్నారు.

అప్పటి నుంచి ఏటా తొలకరికి ముందు, రానివాళ్ల బొమ్మలు తెమ్మనేవారు. ఒక ఏడు వయసు పెట్టి ఇచ్చేవారు. చెంపన కాస్త సున్నం, కంటి కింద కాస్త మసి. నాకు ఒళ్లు మండేది. "మా బాపును ముసలోన్ని చెయ్యకు" అని ఒకసారి ఏడ్చాను.

"వాకిట్లకొచ్చి నిలబడితే మీయమ్మ గుర్తుపట్టాలె గద బిడ్డా. లేకుంటే మల్ల పోతడు."

అర్థమైంది గానీ కోపం పోలేదు. అమ్మ బాపు బొమ్మ పట్టుకొని ఆయన అరుగెక్కగానే అలిగి ఎటో వెళ్లిపోయేవాణ్ణి. తర్వాత ఆయన దగ్గరే కుంచె పట్టుకోవడం నేర్చుకున్నాను, ఆయన చలవతోనే అదే బడిలో నౌకరీ దొరికింది. అయినా ఆ ఏటేటి పని మాత్రం దగ్గరుండి ఎన్నడూ చూడలేదు. పోయిన ఏడు, కూతురింటికి చేరే ముందు, వణికే చేత్తోనే అందరి బొమ్మలూ పూర్తి చేశారు.

"అలిసిపోయిన బిడ్డా. ఎవ్వరొస్తలేరు. అందరు నా చేతులల్లనే ముసలోళ్లయితున్నరు" అన్నారు. ఆయన అంత నీరసంగా మాట్లాడగా వినడం నాకదే మొదలు, అదే కడ.

కబురు తెలిసిన సాయంత్రం అమ్మ బాపు బొమ్మ తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ ఏటిది నువ్వు పెట్టు."

"ఎంత పెట్టాలె అమ్మా? బాపు ఎట్లున్నడో నాకేమెరుక?"

"పంతులుకు మాత్రం ఏమెరుక? నా మొఖం చూసుకుంటనే ఏసేటోడు."

వెలుతురుకు ముఖం తిప్పి గడప మీద కూర్చుంది. తల మీది కొంగు దించి, చెంపల మీద పడిన తెల్లవెంట్రుకలు చెవి వెనక్కి దోపుకుంది. అమ్మ ముఖాన్ని అంత నిదానంగా నేనెప్పుడూ చూడలేదు. గిన్నెలో సున్నం కొంచెమే కలుపుకున్నాను. అది చాలేలా లేదు. అమ్మ కదలకుండా కూర్చునే ఉంది.