పోర్టు ఎక్కడ పెడతరు, డాక్టరమ్మా?

మా అశోక్‌నగర్ సుధీంద్రన్న ప్రశ్నలు అడగనిదే ఏదీ కొనడు. అడిగాక కొంటాడన్న నమ్మకమూ లేదు.

ఒకసారి నాతో రాంనగర్ మార్కెట్‌కు వంకాయల కోసం వచ్చాడు.

"ఎప్పుడు కోసిన్రు?"

"పొద్దుగాల," అంది కూరగాయలు అమ్మే బీరమ్మ.

"కోసిందెవరు?"

"మా చెల్లె."

"ఆమె వంకాయ కూర తింటదా?"

బీరమ్మ తక్కెడ కింద పెట్టేసింది. "అన్నా, నువ్వు వంకాయలు కొంటున్నవా, మా చెల్లెకు సంబంధం చూస్తున్నవా?"

చిక్కడపల్లిలో ఫ్యాను కొనడానికి వెళ్లి, దాని కిందే కుర్చీ వేయించుకుని కునుకు తీశాడు. లేచి, "నిద్ర మంచిగనే వస్తుంది గని, కలలు రాలే," అని ఇంకో షాపుకు నడిచాడు.

ఆయన కుటుంబం కింది వాటాలో, మేం పై వాటాలో ఉంటాం. ఆయన భార్య సరితక్క పిల్లలకు వయొలిన్ నేర్పేది. కిందటి వేసవిలో ఆమె కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడింది. కీమో మొదలయ్యాక వయొలిన్ పెట్టె అటకెక్కింది. ఆ మందుకు చేతి నరాలు తట్టుకోలేకపోయాయి. నర్సు సూది తీస్తే చాలు, ఆమె గోడవైపు తిరిగి కళ్లు మూసుకునేది.

పోర్టు పెట్టిద్దామంది డాక్టరమ్మ. రూపాయి బిళ్లంత డబ్బీని మెడ ఎముక కింద, చర్మం లోపల అమరుస్తారు. దాని సన్నటి గొట్టం పెద్ద నరంలోకి వెళ్తుంది. ఇక మందంతా అందులోంచే. చేతుల్లో నరం వెతికే బాధ ఉండదు.

ఆ మాట తేల్చుకోవడానికి వాళ్లను నా కారులోనే తీసుకెళ్లాను. సుధీంద్రన్న డాక్టరమ్మ ఎదుట కూర్చుంటూనే అందుకున్నాడు.

"ఇది ప్లాస్టిక్‌దా, ఇనుముదా?"

"టైటానియం అండి."

"తుప్పు?"

"పట్టదు."

"స్కానింగ్ మిషన్ గుంజుకుంటదా?"

"గుంజుకోదు."

"వానల తడిస్తే?"

"లోపల ఉంటదండి. గొడుగు ఆమెకు పడితే చాలు."

సైజులు చూపించమన్నాడు. డాక్టరమ్మ ఓపిగ్గా నమూనాలు బల్ల మీద పెట్టింది. ఆయన ఒకటి తీసి తన అంగీ లోపల పెట్టుకుని, కుర్చీలోనే పక్కకు ఒరిగి, పడుకుంటే గుచ్చుకుంటుందేమో చూశాడు. సరితక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జబ్బు తెలిశాక ఆమె నవ్వడం నేను చూడలేదు, అదే మొదలు.

"ఏ దిక్కు పెడతరు?"

"గడ్డ కుడివైపు గదా, ఎడమవైపు పెడతం."

సుధీంద్రన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాం. నా కారు డిక్కీలో ఎప్పుడు పెట్టాడో ఏమో, వయొలిన్ పెట్టె పట్టుకుని వచ్చాడు.

సరితక్క మొహంలో నవ్వు పోయింది. "అదెందుకు తెచ్చిన్రు? ఇంక వాయించనని చెప్పిన గదా."

"వాయించకు. ఊకె పట్టుకో."

ఆమె పరీక్ష బల్ల మీద మఠం వేసుకుంది. వయొలిన్ తల కుడి పాదం మీదికి, అడుగు ఎడమ ఛాతీ మీదికి వాటంతటవే వెళ్లి కుదురుకున్నాయి. అడుగు ఆనిన చోటే పోర్టు పెట్టాల్సిన చోటు.

"గిదొక్కటే అడుగుదామని వచ్చిన," అన్నాడు సుధీంద్రన్న నెమ్మదిగా. "ధైర్యం చాలక మిగిలినయన్ని అడిగిన."

డాక్టరమ్మ లేచి, వయొలిన్ ఆనిన చోటుకు వంగి చూసింది. "నాకు తట్టలేదండి ఇది," అంటూ పెన్ను తీసింది. వయొలిన్ ఆనిన మేర గీసుకుని, దానికి తగలకుండా కిందుగా గుర్తు పెట్టింది. "ఇక్కడైనా పనిచేస్తది. అన్నిట్ల పల్చటిది పెడదం." తర్వాత సరితక్క వైపు తిరిగింది. "మళ్ల వాయిస్తరా?"

"వాయించనంటే ఈయన ఎందుకని అడుగుతరు డాక్టర్. గా జవాబులు చెప్పుడు నాతోని గాదు."

పోర్టు పెట్టారు. గాయం మానింది. తర్వాతి కీమోకు సరితక్క గోడవైపు తిరగలేదు, నర్సుతో మాట్లాడుతూ కూర్చుంది.

ఓ సాయంత్రం కింది వాటాలోంచి వయొలిన్ వినిపించింది. మందుల వల్ల వేళ్లింకా బిగుసుకునే ఉన్నాయి. స్వరం జారుతోంది, ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. మెట్లు దిగి చూస్తే సుధీంద్రన్న గడప దగ్గర నేల మీద కూర్చుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఏం రాగమన్నా?" అన్నాను.

"నాకేం తెల్సు," అంటూ పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. "జర కూసో. వాయిస్తున్నది."