చేప దొరికింది, తమ్ముడే దొరకలే

మా లేబర్ క్యాంపు మెస్సుల వంట చేసే పెద్దన్న పోయిండు. మొన్న శుక్రవారం పొద్దుగాల పొయ్యి కాడ గుండె పట్టుకొని కూలవడ్డడు. సల్మానియా దవాఖానకు తీసుకపోయేసరికే ఖలాస్. బహ్రెయిన్ల ఆయన చేతి కూడు తిన్నోళ్లు చానమంది ఉన్నరు. వాళ్లు ఒక్కసారన్న తలుసుకోవాలని రాస్తున్న.

ఆయనది మా జగిత్యాల దిక్కే. తమ్ముడు కువైట్‌ల పనిచేస్తుండె. అక్కడ లడాయి మొదలైనప్పుడు ఎడారి దారి పట్టిండని ఒకరు, బస్సెక్కిండని ఇంకొకరు చెప్పిన్రు. మనిషి మాత్రం ఇల్లు చేరలే. ఏండ్లు గడిచినయి. గడ్డిబొమ్మ చేసి కాలవెడుదాం, దినాలు చేద్దాం, వాని పెండ్లాం బొట్టు తీసేద్దాం అన్నరు ఊరి పెద్దమనుషులు. పెద్దన్న ఒప్పుకోలే. తమ్ముని పెండ్లాం "బావా, నువ్వు ఉన్నడంటే ఉన్నడు" అని ఆయన మాట మీదనే బొట్టు పెట్టుకుంటుండె.

రాను రాను ఆయనకే నమ్మకం సడలింది. అప్పుడొచ్చింది ఈ చేప ముచ్చట. మా బస్సు డ్రైవర్, హైదరాబాద్ భాయ్, పేపర్ల బొమ్మ చూపించిండు. "రాకాసి బల్లుల కాలం నాటి చేప ఇది. కోట్ల ఏండ్ల కిందనే ఖతమైందనుకున్నరు. ఎన్కట ఆఫ్రికా దిక్కు దొరికింది, ఇప్పుడు ఇండోనేషియాల సుత దొరికిందట."

పెద్దన్న గంటె పట్టుకొని అట్లనే నిలవడ్డడు. కూర మాడుతున్నా కలపలే.

"చదువుకున్నోళ్లంత పోయిందనే అన్నరు గదా?"

"అన్నరు భాయ్."

"వాళ్లే తప్పు చెప్పిన్రంటే, మా ఊరోళ్లెంత?"

అగో, ఆనాటి సంది మొదలైనయి మా తిప్పలు. మనామా మార్కెట్ల ఏ చేప కొన్నా పేరు చెప్పేదాక సంచిల వేసుకోకపోతుండె. "మొదలు పేరు చెప్పు. పేరు తెల్వనిదాని మీద నేను కత్తి పెట్ట" అనేటోడు. "పెద్దన్నా, ఇది మనం దినాం తినే హమూరే, రాకాసి బల్లికి చుట్టం కాదు" అంటే గంటె పట్టుకొని మమ్ముల ఉరికిచ్చేటోడు. సెలవునాడు గలాలీ సముద్రపొడ్డుకు పోయి, వచ్చీరాని అరబ్బీల జాలర్లను అడిగేటోడు. చేప సంగతి అడిగినాక మెల్లగ జేబులకెల్లి తమ్ముని ఫొటో తీసి చూపెట్టేటోడు, కువైట్ దిక్కునుంచి వచ్చినోళ్లల్ల ఈ మనిషిని చూసిన్రా అని. అప్పుడు మాకు నవ్వు రాకపోయేది.

పోయిన నెల ఊరినుంచి ఫోనొచ్చింది, ఇగ దినాలు చేసుడే అని. "నేను బతికుండంగ వానికి నిప్పు పెట్టనియ్య!" అని మెస్సంత వినవడేటట్టు మొత్తుకున్నడు. ఫోన్ పెట్టేసి ఉల్లిగడ్డల బస్తా మీద కూలవడి పసిపోరని లెక్క ఏడ్చిండు. "అంత సముద్రంల చేపను చూపిచ్చిన దేవుడు నా తమ్మున్ని ఎందుకు దాస్తున్నడురా?" నీళ్లిచ్చి పక్కన కూసున్న.

చావు కబురు నేనే చెప్పాల్సొచ్చింది. తమ్ముని పెండ్లాన్ని పక్కింటి ఫోనుకు పిలిపిచ్చిన. విని, ఏడ్సుకుంటనే అడిగింది.

"ఇగ ఎవ్వరాగుతరన్నా? ఇద్దరికీ ఒక్కపారే దినాలు చేస్తరు. నువ్వన్న చెప్పు, మా ఆయన ఉన్నడా?"

నాకేం ఎరుక? లేడనెటందుకు మాత్రం నా పానం ఒప్పలే.

"ఉన్నడు చెల్లే" అన్న.

ఆమె కండ్లు తుడుచుకుంటున్నట్టుంది, ఫోన్ల గాజుల సప్పుడు వినవడ్డది.