పెన్‌డ్రైవ్‌కు పెట్టిన బొట్టు

ఒకప్పుడు బేతంచెర్లలో ఇంటింటికీ టీవీ బొమ్మలు పంచిన కేబుల్ ఓబుళేశుకు ఇప్పుడు మిగిలినవి ఒక పాత కంప్యూటరు, దాని మీద పేరుకున్న బండల పాలిషింగు దుమ్ము, కాస్త ఓపిక. వారం నుంచి ఆ ఓపికా తరిగిపోతోంది.

అక్క నాగక్కకు చూపు మసకబారింది. ఉన్న చూపైనా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు కర్నూలు డాక్టరు. ఆ మాట విన్నాక ఆమె తమ్ముణ్ణి ఒక్కటే అడిగింది.

"మీ బావను ఒక్కసారి పెద్ద టీవీలో చూపియ్‌రా."

బావ పుల్లయ్య పోయి చాలా ఏళ్ళయింది. బండలాగుడు పందెంలో ఎద్దుల వెంట పరుగెత్తే ఆయనను ఓబుళేశు కేబుల్ రోజుల్లో వీడియో తీశాడు. ఆ సీడీ ఉంది గానీ, కంప్యూటర్లో హార్డ్ డిస్కు ఎప్పుడో చచ్చింది. డిస్కుతో పనిలేకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిచి వీడియోలు చూపే లినక్సు మీడియా సెంటర్ అనే సాఫ్ట్‌వేరు ఒకటుందని తెలిసి, నెట్ సెంటర్లో దాన్నీ, సీడీలోని వీడియోనూ కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"బావను దీంట్లోనే కూర్చోబెడతాండా అక్కా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పెన్‌డ్రైవూ అంతే. లినక్సు సగం ఎక్కేసరికి 'డ్రైవ్ కనబడలేదు' అంటూ ఆగిపోయేది. నెట్ సెంటర్‌కు పోయి మళ్ళీ డౌన్‌లోడు చేశాడు. పోర్టు మార్చాడు. లినక్సు రాసినవాళ్ళను నోరారా తిట్టాడు. పాపం, ఎక్కడివాళ్ళో ఏమో, వాళ్ళకు బేతంచెర్ల సంగతులేం తెలుసు! మధ్యాహ్నం కునుకు పడితే, కలలో బావ ఎద్దులు కూడా బండను సగం దూరం లాగి నిలబడేవి.

ఒక ఉదయం నాగక్క తలకు పోసుకుని, గోడ మీది పుల్లయ్య ఫోటోకు తడి కుంకుమ పెట్టింది. తర్వాత తడుముకుంటూ టీవీ బల్ల దగ్గరికొచ్చి, పెన్‌డ్రైవ్ మూత తీసి, మెరిసే మూతికి అదే వేలు అద్దింది.

"అక్కా! ఏం చేస్తాండావు?"

"మీ బావ దీంట్లో ఉంటాడంటివి కదరా. దినామూ ఫోటోకు పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్ల?"

కోపం గొంతుదాకా వచ్చి అక్కడే కరిగిపోయింది. గుడ్డకు స్పిరిట్ అద్ది, మూతి లోపల పేరుకున్న కుంకుమంతా తుడిచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆ నేరం స్పిరిట్ మీదికి నెట్టాడు. ఈసారి లినక్సు ఆగకుండా ఎక్కింది.

తెర మీద ఎర్రమట్టి దుమ్ము లేచింది. గంటలు మోగాయి. నాగక్క ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా జరిగింది.

"ఎర్ర తువ్వాల... ఆయనే. శానా సన్నగా ఉండాడు కదరా!"

వేలికింకా కుంకుమ ఉంది. తెర మీద ఆయన నుదుటిన బొట్టు పెట్టింది. బొట్టు అద్దం మీదే నిలిచింది. పుల్లయ్య మాత్రం ఎద్దులను అదిలిస్తూ దాన్ని దాటి పరుగెత్తాడు.

"ఆయప్ప ఎప్పుడు ఒకచోట నిలబడినాడు లేరా" అని నవ్వింది.

ఓబుళేశు వీడియోను వెనక్కి తిప్పాడు. దుమ్ములోంచి బావ మళ్ళీ వచ్చాడు. ఆయన నుదురు సరిగ్గా ఆ బొట్టు కిందికి వచ్చేదాకా చూసి, పాజ్ నొక్కాడు.

"ఇప్పుడు నిలబడినాడు చూడక్కా."